చూరులో గ్లాసు

మా దాదీకి చాయ్ అంటే జ్వరమొస్తే తాగే కషాయం. ఆమె రోజూ తాగింది జొన్న అంబలి, నంజుకోను ఉల్లిగడ్డ. చాయ్ మన సాయిబులదేనని ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటాం. పల్లె సాయిబుకు దాని రుచి తెలిసింది నిన్నమొన్ననే. పట్నం ఇరానీ హోటళ్ల సంగతి వేరు, ఆ మలాయి మా ఊరి దాకా రాలేదు.

చాయ్ దానంతటదే రాలేదు, తెచ్చిపోశారు. 1929 తర్వాతి మాంద్యంలో తోటల సరుకు విదేశాల్లో అమ్ముడుపోక పేరుకుపోతే దొరలకు ఈ దేశపు జనం నోళ్లు గుర్తొచ్చాయి. ఎగుమతి తేయాకు మీద 1903 నుంచి వసూలు చేస్తున్న సెస్సు డబ్బుతో 1930ల్లో పెద్దఎత్తున ప్రచారం చేశారు. సంతల్లో కాచి ఊరికే పోశారు, పైసా పొట్లాలు అమ్మారు. ఆ దశాబ్దంలోనే అస్సాంలో సీటీసీ యంత్రం వచ్చింది. ఆకును నలిపి, చీల్చి, గుళికలు చేసే ఈ పద్ధతిలో గుప్పెడు పొడికి ఎక్కువ కప్పులు దిగుతాయి. కూలి మనిషికి చాయ్ అందింది దాంతోనే.

అందరికీ అందింది సరే, అందరికీ ఒకే గ్లాసులో అందిందా? ఇంగ్లీషువాడి కాలంలో రైల్వేస్టేషన్లలో హిందూ పానీ వేరు, ముస్లిం పానీ వేరు. చాయ్‌కీ అదే వరస. ఎర్రకోటలో ఖైదు చేసిన ఆజాద్ హింద్ ఫౌజు వాళ్లకూ హిందూ చాయ్, ముస్లిం చాయ్ విడివిడిగా పంపేవారు. వాళ్లు రెండూ సగంసగం కలిపేసి తాగామని 1946లో చూడవచ్చిన గాంధీకి చెప్పారు.

మా ఊళ్లో కలిపినవాళ్లు లేరు. అబ్బా 1970ల్లో బస్సులాగే కాడ హోటలు పెట్టాడు. హోటలంటే నాలుగు తడకలు, బొగ్గుల పొయ్యి, రెండు బల్లలు. పటేళ్లకు గాజు గ్లాసులు. మాదిగవాడ వాళ్లకు చూరులో చెక్కిన సిల్వర్ గ్లాసులు. తాగి, కడిగి, మళ్లీ చూరులోనే పెట్టాలి. పొద్దుగూకాక అబ్బా బాకీల కోసం పటేలు ఇంటికి పోతే ఆయనకూ అరుగు కింద చాయ్ పోసేవాళ్లు. అక్కడా ఒక సిల్వర్ గ్లాసు, అక్కడా చూరే. తురక గ్లాసు. తాగి అబ్బానే కడిగి పెట్టేవాడు. ఈ రెండు చూర్లూ నేను ఒక్కరోజే చూశాను.

"మస్జిదుల ఒక్క సఫ్‌లనే నిలబడ్తం గద అబ్బా, మరి హోటల్ల?" అని అడిగితే "గిరాకీ పోతది బేటా" అన్నాడు. అంటరానితనాన్ని రాజ్యాంగం 1950లోనే రద్దు చేసింది, 1955లో శిక్షల చట్టమూ వచ్చింది. అవి మా తడకల దాకా రాలేదు. 2001లో జస్టిస్ పున్నయ్య కమిషన్ కూడా రెండు గ్లాసులను రాసుకోవలసి వచ్చింది. మనకు జరిగింది రాసుకుంటాం, మనం చేసింది ఎందుకు రాసుకోం?

1991లో చుండూరు జరిగాక మాదిగవాడ పిల్లలు వచ్చి బల్ల మీద కూచున్నారు. "గాజు గ్లాసుల పొయ్యి సాయిబూ" అన్నారు. అబ్బా కాసేపు పొయ్యి ఊదుకుంటూ నిలబడి, తర్వాత పోశాడు. వారం రోజులు పటేళ్లు రాలేదు. తర్వాత వచ్చారు, ఇంకో హోటలు లేదు గదా.

అబ్బా చూరులోని గ్లాసులు పాత సామాన్లవాడికి వేశాడు. పటేలు ఇంటి చూరులో ఆయన గ్లాసు మాత్రం ఆయన పోయేదాకా అట్లనే ఉంది.