కట్టుడు పన్ను కథ: ఖుర్తుబా నుండి అఫ్జల్‌గంజ్ దాకా

మన బస్తీలో ఏ ఇంట వలీమా జరిగినా ఒక దృశ్యం తప్పక కనబడుతుంది. దస్తర్‌ఖాన్ మీద బిర్యానీ వచ్చి కూర్చుంటుంది. పిల్లలు బొక్కలు కొరుకుతూ వుంటారు. ఒక మూలన కూర్చున్న పెద్దాయన మాత్రం గోష్త్ ముక్కను మెల్లగా పక్కకు జరిపి, దాల్చాలో మెత్తటి అన్నం కలుపుకొని, నాలుగు ముద్దలు తిని లేస్తారు. "ఏం చాచా, అప్పుడే అయిపోయిందా?" అంటే, "దాంతా నైఁ బేటా, ఇంక మాకేం తిండి" అని నవ్వుతారు. ఆ నవ్వు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొనే!

ఈ సంవత్సరపు సంచికలో మేము ఆ ఖాళీ పంటిని గురించే నాలుగు మాటలు రాయదలచినాము. చరిత్ర అంటే రాజులూ, కోటలూ, యుద్ధాలేనా? ఊడిన పన్ను స్థానంలో మరో పన్ను నిలబెట్టడానికి మనిషి పడిన పాట్లు కూడా చరిత్రే. అందులో మన పెద్దల పాత్ర చిన్నదేమీ కాదు.

మన ఊరు అల్మాస్‌గూడ. అల్మాస్ అంటే వజ్రము. మనిషి శరీరంలో అన్నిటికంటే గట్టిది పంటి పైపొర. ఎముక కూడా దానికి సాటి రాదు. దాన్ని అరగదీయవలసి వస్తే డాక్టర్లు వజ్రపు పొడి అంటించిన మొనను వాడుతారు. అల్లాహ్ అంత గట్టి వస్తువును మనకు ప్రసాదిస్తే, దాన్ని మనం తంబాకుకు, గుట్కాకు, రోజుకు పదిసార్లు తాగే తీపి చాయ్‌కు అప్పగించి కూర్చున్నాము.

బంగారు తీగ, ఎద్దు ఎముక

కట్టుడు పన్ను నిన్నమొన్నటిది కాదు. సుమారు 2700 ఏళ్ల క్రితమే ఇటలీలోని ఎట్రస్కన్ జాతివారు సన్నని బంగారు పట్టీలతో మారుపన్నును పక్క పళ్ళకు కట్టించుకొనేవారు. వారి సమాధుల్లో అటువంటివి దొరికినాయి.

ఇక మన సంప్రదాయంలోకి వద్దాము. అర్ఫజా బిన్ అస్అద్ అనే సహాబీ వుండేవారు. ఇస్లాంకు పూర్వం జరిగిన కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. వెండితో ముక్కు చేయించుకొంటే అది వాసన కొట్టసాగింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారంతో చేయించుకొమ్మని ఆయనకు చెప్పినారు. ఈ హదీసు అబూ దావూద్‌లోనూ, తిర్మిజీలోనూ వున్నది. మగవారికి బంగారం ధరించడం నిషేధం కదా, అయినా అవసరానికి అనుమతి దొరికింది. దీన్ని ఆధారం చేసుకొనే ఎందరో పండితులు కదిలే పళ్ళను బంగారు తీగతో కట్టించుకోవచ్చునన్నారు. ఇమామ్ అబూ హనీఫా వెండి చాలునన్నారు. ఆయన శిష్యులు ఇమామ్ ముహమ్మద్ బంగారమైనా దోషం లేదన్నారు. ఏ లోహంతో కట్టాలన్న దగ్గరే అభిప్రాయభేదం. కట్టుకోవడం తప్పా అన్న మాట రానేలేదు. ఇది మనం గుర్తుంచుకోవలసిన సంగతి.

తరువాత స్పెయిన్‌లో మన విద్య వెలిగిన రోజులు వచ్చినాయి. ఖుర్తుబా నగరం, అదే నేటి కార్డోబా. ఆ సమీపంలోని మదీనతుజ్జహ్రాలో 936లో అబుల్ ఖాసిమ్ అల్ జహ్రావీ పుట్టినారు. ఆయన రచించిన 'కితాబ్ అల్ తస్రీఫ్' ముప్పై భాగాల వైద్య గ్రంథం. చివరి భాగమంతా శస్త్రచికిత్సే. సుమారు 200 పరికరాల బొమ్మలు అందులో గీసి చూపించినారు. పళ్ళ గార గీకే పనిముట్లు కూడా వాటిలో వున్నాయి. కదిలే పళ్ళను బంగారు తీగతో గట్టి పళ్ళకు అల్లి కట్టే పద్ధతి ఆయన వివరించినారు. పన్ను ఊడిపోతే అదే పన్నును గానీ, ఎద్దు ఎముకతో చెక్కిన పన్నును గానీ ఆ స్థానంలో నిలిపి కట్టవచ్చునన్నారు. నేడు బ్రిడ్జి అని మనం పిలిచేదానికి ఇదే పాత రూపం. పన్ను పీకే విషయంలో తెలివితక్కువ మంగలివాళ్ళు చేసే ఘోరాలను కూడా ఆయన ఎండగట్టినారు. మంచి పన్ను పీకేవారట, వేరు లోపలే విరిచి వదిలేవారట. వెయ్యేళ్లు గడిచినా ఆ మాట పాతబడలేదు. దాని సంగతి ముందు చెబుతాము.

12వ శతాబ్దంలో క్రెమోనాకు చెందిన జెరార్డ్ ఆ భాగాన్ని లాటిన్‌లోకి తర్జుమా చేసినాడు. యూరపు సర్జన్లు కొన్ని వందల ఏళ్లపాటు దాన్ని చదువుకొన్నారు. 1728లో ఫ్రాన్సులో పియరీ ఫోషార్ పంటి వైద్యంపై పెద్ద గ్రంథం వెలువరించేసరికి అది ప్రత్యేక విద్యగా నిలబడింది.

కలకత్తా సోడా దుకాణం

మన దేశంలో ఈ విద్యకు పునాది వేసినవారు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. 1890 డిసెంబరు 24న తూర్పు బెంగాల్‌లో పుట్టినారు. అలీగఢ్‌లో చదివి, అమెరికా వెళ్లి, 1915లో అయోవా విశ్వవిద్యాలయంలో దంతవైద్య పట్టా పుచ్చుకొన్నారు. కొంతకాలం బోస్టన్‌లో పనిచేసి స్వదేశానికి తిరిగి వచ్చినారు. 1920లో కలకత్తాలో దేశంలోకెల్లా మొదటి డెంటల్ కాలేజీ తెరిచినారు.

డబ్బు ఎక్కడిది? 'న్యూయార్క్ సోడా ఫౌంటెన్' అనే దుకాణం కాలేజీకి ఆసరా అయింది. షర్బత్తులు అమ్మిన సొమ్ముతో పంటి వైద్యం నేర్పిన మనిషి ఆయన! 1949లో ఆ కాలేజీని ప్రభుత్వానికి అప్పగించినారు. 1964లో పద్మభూషణ్ వచ్చింది. 1965లో కన్నుమూసినారు. ఆ కాలేజీ నేటికీ ఆయన పేరుతోనే నడుస్తున్నది. ఆయన పుట్టినరోజును డెంటిస్టుల దినంగా జరుపుతారు. మన పిల్లల్లో ఎందరికి ఈ పేరు తెలుసు? సొసైటీ తరఫున స్కాలర్‌షిప్పుల మాట వచ్చినప్పుడల్లా మాకు ఆ సోడా దుకాణమే గుర్తుకొస్తుంది.

మన హైదరాబాదులో 1959లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఏర్పడింది. అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రికి దగ్గరలోనే వున్నది. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్ మీదుగా పోతే మనకేమంత దూరం కాదు. ఇటు దిల్‌సుఖ్‌నగర్ కమలానగర్‌లోనూ ఒక ప్రైవేటు డెంటల్ కాలేజీ వున్నది.

పురానాపూల్ చెప్పే పాఠం

బ్రిడ్జి అంటే ఏమిటో చెప్పాలంటే మూసీ దగ్గరకు పోదాము. 1578లో కట్టిన పురానాపూల్ ఇంకా నిలబడి వున్నది. వంతెనకు రెండు గట్లూ గట్టిగా వుండాలి. అప్పుడే నడుమ భాగం నిలుస్తుంది. పంటి బ్రిడ్జి కూడా అంతే. ఖాళీకి అటూ ఇటూ వున్న రెండు పళ్ళే గట్లు. వాటిని కొంచెం అరగదీసి, అచ్చు తీసి, రెండు క్యాపులూ వాటి నడుమ ఒక మారుపన్నూ కలిపి ఒకే ముక్కగా పోత పోయిస్తారు. దాన్ని సిమెంటుతో అతికిస్తారు. మామూలు కట్టుడు పళ్ళ సెట్టులా రాత్రి తీసి గిన్నెలో పెట్టే పని వుండదు.

లోపల లోహం, పైన పింగాణీ వుండే బ్రిడ్జిలు 1960ల నుండి వాడుకలోకి వచ్చినాయి. ఇప్పుడు జిర్కోనియా అనే తెల్లని గట్టి పదార్థం కూడా వచ్చింది. 1965లో స్వీడన్‌లో బ్రానెమార్క్ దవడ ఎముకలో టైటానియం మేకు దించి దానిపై పళ్ళు నిలిపినారు. ఇంప్లాంటు అనేది అదే. పక్క పళ్ళను అరగదీయనక్కర లేదు గానీ ఖర్చు ఎక్కువ.

"ఒక్క పన్నే కదా, పోతే పోనీ" అనే మాట మేము రోజూ వింటాము. ఆ ఖాళీ ఖాళీగా వుండదు. పక్క పళ్ళు అందులోకి వంగుతాయి. ఎదురుగా వున్న పన్ను సాగి దిగుతుంది. సందుల్లో అన్నం ఇరుక్కొని అవీ పుచ్చిపోతాయి. ఒకటి పోయిన చోట మూడు పోతాయి. గట్లు కూలిన తరువాత వంతెన ఎక్కడ కట్టేది? షుగరు వున్నవారికి చిగుళ్లు త్వరగా చెడుతాయి గనుక వారు మరీ జాగ్రత్త పడాలి.

"పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం" అని సామెత వున్నది. ఊడగొట్టుకోవడానికి ఏ రాయైనా చాలు, నిజమే. కట్టించుకోవడానికి మాత్రం ఏ చెయ్యి పడితే ఆ చెయ్యి పనికిరాదు. మా ఎరుకలోని ఒక పెద్దమనిషి చవకగా అవుతుందని, పట్టా లేని ఒకాయన దగ్గర కూర్చున్నారు. గంటలో "ఫిక్సు పన్ను" పెట్టేసినాడు. తీగ చుట్టి, ప్లాస్టిక్ ముద్ద చిగురు మీదనే అద్దినాడు. ఆరు నెలలకు చిగురు వాచి, చీము పట్టి, బాగున్న రెండు పక్క పళ్ళూ పీకించుకోవలసి వచ్చింది. వెయ్యేళ్ల క్రితం జహ్రావీ మొత్తుకొన్నది ఇటువంటివారిని గురించే. 1948లోనే మన దేశంలో డెంటిస్టుల చట్టం వచ్చింది. బోర్డు మీద పేరొక్కటే చూడవద్దు, రిజిస్ట్రేషను వున్నదా అని అడగండి. అడగడం మర్యాద తప్పడం కాదు.

గుసుల్ సంగతి

చివరగా అసలు మాట. మన పెద్దవారు ఎందరో బ్రిడ్జి వద్దనడానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. "అతికించిన పన్ను కింద నీళ్ళు చేరవు, గుసుల్ కాదు, నమాజు కాదు" అనే భయం. హనఫీ పద్ధతిలో గుసుల్‌లో పుక్కిలించడం ఫర్జ్ గనుక ఆ శంక సహజమే. ఈ కాలపు ముఫ్తీలు దీనికి జవాబు చెప్పే వున్నారు. తీసి పెట్టుకొనే పళ్ళయితే తీసి పుక్కిలించాలి. తీయడానికి వీలులేకుండా అతికించినవి శరీరంలో భాగంగానే లెక్క. వాటి మీదుగా నీళ్ళు పారితే గుసుల్ అయిపోతుంది. ఇంకా అనుమానం వుంటే మన మసీదు ఇమాము సాహెబును అడగండి. అడగకుండా పదేళ్లు నమలకుండా గడపడం మాత్రం దీన్ కోరేది కాదు.

మిస్వాక్‌ను అంతగా తాకీదు చేసిన ప్రవక్త (స) ఉమ్మతీలము మనము. వున్న పన్నును కాపాడుకొందాము. పోయినదాని చోటు నింపుకొందాము. బ్రిడ్జి పెట్టించుకొన్నవారు దాని కింద దారంతో రోజూ శుభ్రం చేసుకోవాలి. వంతెన కట్టగానే సరిపోదు కదా, కాపు కూడా వుండాలి.

వచ్చే ఏడాది దావత్‌లో మన చాచా గోష్త్ ముక్కను పక్కకు జరపకుండా తినాలి, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వాలి. ఇన్షా అల్లాహ్, ఆ నవ్వు చూడాలన్నదే మా కోరిక.