అభ్రకం నుంచి అలమరా దాకా



వనస్పతి ఏదైనా మనకు డాల్డాయే. అలాగే అలమరాల మీద అతికించే నున్నటి షీటు ఏ కంపెనీదైనా మనకు సన్‌మైకాయే. నిజానికి అది ఒక వ్యాపార నామం. అందులోని 'మైకా' అంటే అభ్రకం. షీటులో మాత్రం అభ్రకం లేదు. మరి ఆ పేరెలా వచ్చింది?

ఒకప్పుడు విద్యుత్ యంత్రాల్లో కరెంటు బయటికి పాకకుండా అభ్రకం వాడేవారు. మన గూడూరు ప్రాంతపు గనుల నుంచి కూడా అది విదేశాలకు ఎగుమతి అయ్యేది. అయితే అది ఖరీదైన సరుకు. 1907లో బేక్‌లాండ్ అనే శాస్త్రజ్ఞుడు బేకలైట్ కనిపెట్టాడు. అమెరికాలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఇంజనీర్లు ఓకానర్, ఫేబర్ అటువంటి జిగురులో తడిపిన పొరలను వేడితో, ఒత్తిడితో అతికించి గట్టి పలక తయారుచేశారు. 1913లో ఉద్యోగాలు వదలి సిన్సినాటిలో సొంత కంపెనీ పెట్టారు. 'మైకాకు బదులు' అనే అర్థంలో దానికి 'ఫార్మైకా' అని పేరు పెట్టారు. 1927 నుంచి పై పొర మీద చెక్క గీతలు, చలువరాతి నమూనాలు అచ్చువేయగలిగారు. 1938 ప్రాంతంలో మెలమైన్ అనే మరో జిగురు వాడకంలోకి రావడంతో వేడికి, నీటికి, మరకలకు లొంగని పలక సిద్ధమైంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అది వంటిళ్ళలో విరివిగా ప్రవేశించింది.

2008లో పదవీ విరమణ చేసినప్పుడు నేనూ గ్రాట్యుటీ సొమ్ములో కొంత పెట్టి ఇటువంటి అలమరాలే చేయించాను. ఇటీవల షీటు రంగు వెలిసింది గాని లోపలి చెక్క చెక్కుచెదరలేదు. కొత్తవాటికి చెప్పిన ధర నా ఏడాది పింఛనుకు దగ్గరగా ఉంది. అందుచేత మా మనుమడూ నేనూ కలిసి ఉన్నవాటికే రంగు వేశాము.

దేనినీ అంటనివ్వకపోవడమే ఈ షీటు గొప్పతనం. రంగు వేసేవారికి అదే చిక్కు. కాబట్టి పని వరుసగా జరగాలి. ముందు తలుపులు ఊడదీసి, ఆఫీసు ఫైళ్ళకు వేసినట్లు నంబర్లు వేసుకోవాలి. లేచిన అంచులను జిగురుతో అతికించాలి. సబ్బు కలిపిన వేడినీళ్ళతో నూనె జిడ్డు పూర్తిగా వదిలేలా కడిగి ఆరబెట్టాలి. 220 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేవరకే రుద్దాలి. పై పొర అరిగిపోకూడదు. దుమ్ము తుడిచి, నున్నటి వాటికి పట్టే ప్రైమరు ఒక పూత, ఎనామిల్ రంగు రెండు పల్చటి పూతలు వేయాలి. పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆగాలి. ఆరడం వేరు, గట్టిపడటం వేరు. రెండు మూడు వారాల వరకు గట్టిగా తోమరాదు. పని చేసేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచాలి, పొయ్యి వెలిగించరాదు. మన వయసువారు నిచ్చెన ఎక్కే పనిని పిల్లలకు వదిలేయడం శ్రేయస్కరం.

ఖరీదైన వస్తువుకు బదులు వెతికిన ఇద్దరు ఉద్యోగుల ఆలోచనే ఈ షీటు. పరిమిత రాబడితో సంసారాలు నెట్టుకొచ్చిన మనకు ఆ ఆలోచన కొత్తది కాదు. పారవేసే ముందు, బాగుపడుతుందేమో ఒకసారి చూడమని సభ్యులకు నా మనవి.