మాసిపోయిన సిరా: ఐలీన్ ఓనీల్ తత్త్వశాస్త్ర చరిత్ర పరిశోధన

పదిహేడవ శతాబ్ది యూరప్ తత్త్వశాస్త్రం అనగానే డెకార్ట్, స్పినోజా, లాక్, లైబ్నిజ్ పేర్లు వరుసగా గుర్తుకు వస్తాయి. ఆ వరుసలో ఒక్క స్త్రీ పేరూ వినిపించదు. ఆనాటి విశ్వవిద్యాలయాల తలుపులు స్త్రీలకు దాదాపుగా మూసి ఉన్నాయి గనుక వారిలో తత్త్వవేత్తలు లేరన్న సమాధానం చాలాకాలం చెల్లింది. ఆ సమాధానం నిలవదని గ్రంథాధారాలతో చూపినవారిలో అమెరికన్ ఆచార్యురాలు ఐలీన్ ఓనీల్ (1953–2017) ముఖ్యులు. ఆమె కృషినీ, ఆ పద్ధతి మన సాహిత్య చరిత్రకు ఉపయోగపడే తీరునూ ఈ వ్యాసంలో స్థూలంగా పరిశీలిద్దాం.

ఓనీల్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో, ఆమ్‌హర్స్ట్‌లో, తత్త్వశాస్త్రం బోధించారు. ఆమె మొదట లోతుగా పరిశోధించిన విషయం కార్యకారణ సంబంధం. ఆలోచన మాత్రమే లక్షణంగా గల ఆత్మ, స్థలాన్ని ఆక్రమించే శరీరాన్ని ఎలా కదిలించగలదు అన్న చిక్కులో డెకార్ట్‌ను సమర్థిస్తూ 1987లో ఒక వ్యాసం రాశారు. ఒక పదార్థం మరొకదానిపై నేరుగా ప్రభావం చూపుతుందన్న భావన చరిత్రను 1993లో మరో వ్యాసంలో వివరించారు. ఇవి ఆ రంగంలోని పండితులకు మాత్రమే పట్టే సూక్ష్మ విషయాలు. అయితే ఇదే ప్రశ్నను 1643 మే నెలలో డెకార్ట్‌కు సూటిగా వేసినది ఒక స్త్రీ.

ఆమె బొహీమియా రాకుమారి ఎలిజబెత్ (1618–1680). వారి ఉత్తర ప్రత్యుత్తరాలు 1649 వరకు సాగాయి. డెకార్ట్ తన ‘తత్త్వశాస్త్ర సూత్రాలు’ గ్రంథాన్ని 1644లో ఆమెకే అంకితమిచ్చాడు. 1650లో అతడు మరణించాక ఆమె లేఖలనూ ప్రచురిస్తామని అడిగితే ఆమె ఒప్పుకోలేదు. 1657లో అచ్చయిన సంపుటంలో డెకార్ట్ లేఖలు మాత్రమే వచ్చాయి. ఎలిజబెత్ లేఖలు పంతొమ్మిదవ శతాబ్దిలో నెదర్లాండ్స్‌లోని ఒక కోటలో బయటపడి, 1879లో ప్రచురితమయ్యాయి. అంటే రెండు శతాబ్దాలకు పైగా పాఠకులు ప్రశ్నలు లేని జవాబులు చదివారు. సంవాదంలో ఒక గొంతు పోతే, ఆ రెండవ వ్యక్తి కేవలం ఉపదేశం విన్న శిష్యురాలిగా మిగిలిపోతుంది. లేఖలు చదివితే ఆమె జవాబుతో తృప్తిపడక మళ్లీ మళ్లీ అడ్డు తగిలిన విమర్శకురాలని తెలుస్తుంది.

ఇటువంటి పాఠాలను ఒకచోట చేర్చే పని 1980లలో ఊపందుకుంది. మేరీ ఎలెన్ వెయిత్ సంపాదకత్వంలో స్త్రీ తత్త్వవేత్తల చరిత్ర 1987–1995 మధ్య నాలుగు సంపుటాలుగా వచ్చింది. ఓనీల్ వేసిన ప్రశ్న దాని తరువాతి మెట్టు. ఈ స్త్రీలు తమ కాలంలో తెలిసినవారే అయితే, తరువాత ఎప్పుడు, ఎందుకు కనుమరుగయ్యారు? 1998లో వెలువడిన ఆమె ప్రసిద్ధ వ్యాసం ఈ ప్రశ్నకు జవాబు. దాని శీర్షికను తెలుగులో ‘మాసిపోయే సిరా’ అనవచ్చు.

తెలిసినవారే అనడానికి సాక్ష్యం ఉంది. ఫ్రెంచి పండితుడు జిల్ మెనాజ్ 1690లో లాటిన్‌లో స్త్రీ తత్త్వవేత్తల చరిత్ర రాసి, ప్రాచీన కాలం నుంచి 60 మందికి పైగా స్త్రీలను పేర్కొన్నాడు. అదే సంవత్సరం ఇంగ్లండ్‌కు చెందిన ఆన్ కాన్వే గ్రంథం, ఆమె మరణించిన పదకొండేళ్లకు, ఆమ్‌స్టర్‌డామ్‌లో పేరు లేకుండా అచ్చయింది. ఆమె ఆంగ్లంలో రాసుకున్న మూలం నేడు లేదు. లాటిన్ అనువాదం నుంచి మళ్లీ ఆంగ్లంలోకి తెచ్చిన 1692 నాటి పాఠమే అప్పటి ఆంగ్ల పాఠకులకు దక్కింది. రచయిత్రి పేరుతోపాటు ఆమె వాక్యమూ పోయిందన్నమాట. అయినా లైబ్నిజ్ ఆమె ఎవరో తెలిసి, ఆమె భావాలు తనవాటికి దగ్గరని చెప్పుకున్నాడు.

మరుగున పడడానికి ఓనీల్ చూపిన కారణాలు అనేకం. ఒకటి అజ్ఞాత రచన. డామరిస్ మాషమ్ 1696లో పేరు లేకుండా ప్రచురించిన గ్రంథాన్ని కొందరు లాక్ రచనగా భావించారు. రెండవది, పద్దెనిమిదవ శతాబ్ది చివర తత్త్వశాస్త్రం తన హద్దులను బిగించుకోవడం. మతం, స్త్రీవిద్య వంటి విషయాలపై రాసినవి ‘శుద్ధ తత్త్వం’ కావని పక్కకు పోయాయి. మూడవది, ఈ స్త్రీలలో పలువురు సమర్థించిన సిద్ధాంతాలు తరువాతి తరాలలో ఓడిపోవడం. నాలుగవది, ఫ్రెంచి విప్లవానంతర కాలంలో స్త్రీకి ఇల్లే తగిన చోటన్న భావన బలపడడం.

వీటిలో ఏ ఒక్కటీ విడిగా చాలదు. స్పినోజా 1670లోనూ, లాక్ 1689లోనూ ముఖ్య గ్రంథాలను పేరు లేకుండానే ప్రచురించారు. వారి పేర్లు మాత్రం మాసిపోలేదు. అంటే పేరు దాచుకోవడం కంటే, దాచిన పేరును తరువాత ఎవరు వెతికి పెట్టారన్నదే ప్రధానం. ఓనీల్ స్వయంగా ఆ పని చేశారు. మార్గరెట్ కావెండిష్ 1666లో ప్రకటించిన ప్రయోగ తత్త్వ పరిశీలనను 2001లో పరిష్కరించి, తరగతి గదిలో చదవదగిన ప్రతిగా అందించారు. మార్సీ లస్కానోతో కలిసి సంపాదకత్వం వహించిన సంపుటం ఆమె మరణానంతరం 2019లో వెలువడింది.

ఈ కారణాల పట్టిక చదివిన తెలుగువారికి తంజావూరు గుర్తుకు రావడం సహజం. పద్దెనిమిదవ శతాబ్దిలో ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ రచించి, అవతారికలో తన నాయనమ్మ, మేనత్తల సాహిత్య వారసత్వం చెప్పుకుంది. పంతొమ్మిదవ శతాబ్దిలో అచ్చయిన ప్రతిలో ఆ అవతారికే లేదు. మైసూరు సీమలో పుట్టిన బెంగళూరు నాగరత్నమ్మ తాళపత్ర ప్రతితో పోల్చి, 1910లో మద్రాసులో వావిళ్ల వారి ద్వారా సమగ్ర ప్రతి ప్రకటించారు. ప్రభుత్వం దానిని నిషేధించింది. నిషేధం 1947లో గాని తొలగలేదు.

ఇది పాఠం కత్తిరించిన సందర్భం. విభాగం మార్చిన సందర్భానికి తరిగొండ వెంగమాంబ ఉదాహరణ. ‘వాసిష్ఠ రామాయణము’, ‘రాజయోగామృతసారము’ రచించిన ఆమెను భక్త కవయిత్రిగానే ఎక్కువగా స్మరిస్తాం. జ్ఞానయోగాలను తెలుగులో వివరించిన వేదాంత రచయిత్రిగా ఆమె వాదాన్ని పరిశీలించే పని మిగిలే ఉంది. భక్తి అన్న ఒక్క మాట చాలు, ఆ గ్రంథాలు తత్త్వశాస్త్ర శాఖ దాటి సాహిత్య శాఖకు చేరడానికి.

తంజావూరు సరస్వతీ మహలులోనూ, చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోనూ తెలుగు ప్రతులు విస్తారంగా ఉన్నాయి. వాటిపై పనిచేసే పరిశోధక విద్యార్థులు అవతారికలనూ, గద్యలనూ పూర్తిగా ఎత్తి రాసుకోవాలి. కర్త పేరు లేని ప్రతిని వర్ణన పట్టికలో చూసి వదిలేయకూడదు. ఓనీల్ తన రంగంలో చేసిన పని ఇటువంటిదే.