సెహత్‌యాబ్: అర్థం, వాడుక

సెహత్‌యాబ్ అంటే జబ్బు నుంచి కోలుకున్నవారు, ఆరోగ్యం తిరిగి పొందినవారు. ఉర్దూ వార్తల్లోనూ, ఇళ్లలో పెద్దల మాటల్లోనూ తరచూ వినిపించే పదం ఇది. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు దీన్ని 'ఆరోగ్యంగా ఉన్నవారు' అని అనుకుంటారు. అలాంటివారిని సెహత్‌మంద్ అంటారు. సెహత్‌యాబ్ అనాలంటే ముందు జబ్బు పడి ఉండాలి.

పదం పుట్టుక

'సెహత్' అరబీ మాట. ఆరోగ్యం అని అర్థం. సరైనది అనే అర్థంలో వాడే 'సహీహ్' కూడా ఇదే ధాతువు నుంచి వచ్చింది. 'యాబ్' ఫార్సీ మాట. దొరకడం, పొందడం అనే అర్థమున్న 'యాఫ్తన్' దీనికి మూలం. కామ్‌యాబ్ (అనుకున్నది సాధించినవారు), దస్త్‌యాబ్ (చేతికి అందినది), నాయాబ్ (దొరకనిది, అరుదైనది) అన్న మాటల్లో ఉన్నదీ ఈ 'యాబే'.

షిఫాయాబ్ కూడా ఇంచుమించు ఇదే అర్థమిస్తుంది. షిఫా అంటే నయం కావడం, స్వస్థత. దువాలో ఎక్కువగా వినిపించేది ఈ మాటే: 'అల్లాహ్ షిఫా-ఎ-కామిలా అతా ఫర్మాయే', అంటే పూర్తి స్వస్థత ప్రసాదించాలని. హైదరాబాద్ పాతబస్తీలోని దారుల్‌షిఫాకు ఆ పేరు కుతుబ్‌షాహీల కాలంలో అక్కడ కట్టిన వైద్యశాల వల్ల వచ్చింది. ఆ పేరుకు అర్థం 'స్వస్థత ఇల్లు'.

వాడుక

మగవారికైనా ఆడవారికైనా పదం మారదు, క్రియ మాత్రమే మారుతుంది. 'అబ్బా సెహత్‌యాబ్ హో గయే', 'బేటీ సెహత్‌యాబ్ హో గయీ' అంటారు. కోలుకోవడం అనే పనిని సెహత్‌యాబీ అంటారు. 'సెహత్‌యాబీ కే లియే దువా కీ దర్ఖాస్త్' అని మెసేజ్ వస్తే ఆ మనిషి ఇంకా మంచం మీదే ఉన్నారని అర్థం. దానికి 'ముబారక్' అని జవాబు పెడితే ఆ ఇంటివాళ్ల మనసు నొచ్చుకుంటుంది. పూర్తిగా కోలుకున్నాక చేయించే స్నానాన్ని గుస్ల్-ఎ-సెహత్ అంటారు.

మూడు మెట్లు

కోలుకోవడంలోని దశలకు ఉర్దూలో వేర్వేరు మాటలున్నాయి. ఇఫాఖా అంటే కొంత ఉపశమనం. తెలుగులో 'గుణం కనిపించింది' అంటాం. రూ-బ-సెహత్ అంటే ఆరోగ్యం వైపు ముఖం తిప్పినవారు, అంటే కోలుకుంటున్నవారు. చివరిది సెహత్‌యాబ్, అంటే పూర్తిగా కోలుకున్నవారు.

ఈ తేడా ఒక్క భాషకు సంబంధించిందే కాదు. టీబీనే చూడండి. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గుతాయి. 'ఠీక్ హో గయే' అని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ అది ఇఫాఖా మాత్రమే. మామూలు టీబీకి కోర్సు సాధారణంగా 6 నెలలు ఉంటుంది. మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు, మందులకు లొంగని రకంగానూ మారవచ్చు. డాక్టర్ పరీక్షించి చెప్పాకే ఆ మనిషిని సెహత్‌యాబ్ అనాలి. అప్పటిదాకా వారు రూ-బ-సెహత్. దువా, దవా రెండూ సాగుతూనే ఉండాలి.