తట్ట మోసినోళ్లు, టేపు పట్టినోళ్లు: అనంతపురం సీమలో ఇంజనీరింగు చదువు

అనంతపురం గురించి రాసేవాళ్లంతా కరువుతోనే మొదలుపెడతారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, బీటలు వారిన చెరువులు, వలసలు. ఈ చెరువుల కట్టలు పోసిందెవరు, రోడ్లకు కంకర కొట్టిందెవరు, ఆ పని కొలిచి లెక్క రాసిందెవరు అని అడిగినవాళ్లు తక్కువ. మాల మాదిగలకూ వడ్డెరలకూ కట్టడం పని కొత్త కాదు. కట్టడం 'శాస్త్రం' మాత్రం వాళ్లకు అందనీయలేదు. నిర్మాణ నిర్వహణలో ఎం.టెక్. మన పిల్లలకు ఎందుకు అనే ప్రశ్నకు జవాబు ఈ చరిత్రలోనే వెతకాలని మేం అనుకుంటున్నాం.

శాసనాల నుంచి మొదలుపెడదాం. పక్కనున్న కడప జిల్లాలో పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఈ చెరువు కట్టించాడు. మంచి చెరువుకు 12 అంగాలు ఉండాలని శాసనం చెప్తుంది. వాటిలో ఒకటి జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. రోజుకు 1,000 మంది కూలీలు రెండేళ్లు పనిచేశారని, రాళ్లు తోలడానికి 100 బండ్లు పెట్టారని కూడా అందులోనే ఉంది. శాస్త్రం తెలిసినవాడు ఏ కులంవాడై ఉండాలో శాసనం చెప్పింది. వెయ్యిమంది కూలీలు అంకెగా మిగిలారు. 1388లో పెన్నేటి నీళ్లు పెనుకొండకు తెచ్చే కాలువ తవ్వించిన సింగయభట్టు పేరు కూడా శాసనానికెక్కింది. ఆయన విద్యను మేం తక్కువ చేయడం లేదు. ఆ విద్య ఎవరి ఇళ్లలో ఉండాలో కులం ముందే తేల్చేసిందని చెప్తున్నాం.

చెరువు నిండినాక తూము ఎత్తి, మడిమడికీ నీళ్లు పంచిన నీరుగంట్లు చాలా ఊళ్లలో దళితులే. తూము ఎంత ఎత్తితే ఆయకట్టు చివరి మడి తడుస్తుందో, నీళ్లు తక్కువైన ఏడు ఎవరికి ఎంత వదలాలో వాళ్లకు తెలుసు. ఈ పనిని ఇప్పటి పుస్తకాల్లో నీటి యాజమాన్యం అంటారు. ఊళ్లో మాత్రం ఊడిగం అన్నారు. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాగునీటి సంఘాల చట్టం తెచ్చింది. ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లకే ఓటు ఇచ్చింది. తరాలుగా నీళ్లు పంచినోడికి సెంటు భూమి లేకపోతే ఆ సంఘంలో ఓటు లేదు.

ఇక కరువు పనులు. 1876-78 కరువునాటికి అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. 1882లో విడి జిల్లా అయింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనికి వచ్చిన మగ కూలీకి రోజుకు 1 పౌండు ధాన్యం, 1 అణా చాలన్నాడు. ఆ తిండితో మనిషి నిలవడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు. వాదన ఇద్దరు అధికారుల మధ్యనే నడిచింది. మట్టి మోసినోళ్లను ఎవరూ అడగలేదు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది కూడా ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఈసారి పని అడిగే హక్కు చట్టంలో చేరింది. అది చిన్న మార్పేం కాదు. అయినా గుంత ఎంత తవ్వారో టేపు పట్టి చెప్పేవాడు వేరే. ఎం.బుక్కులో ఎక్కిన కొలతే చేతికొచ్చే కూలి. ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉందన్నదే మన ప్రశ్న.

ఆ పుస్తకం రాసేవాళ్లను తయారుచేసే చదువు మద్రాసులో 1794లో సర్వే స్కూలుగా మొదలై, తర్వాత గిండీ ఇంజనీరింగు కాలేజీ అయింది. అనంతపురం కాలేజీ 1946లో ఆ గిండీ ఆవరణలోనే పుట్టి, 1948లో అనంతపురానికి తరలింది. 1972లో జె.ఎన్.టి.యు.లో కలిసింది. 2008లో అనంతపురమే విడి యూనివర్సిటీ అయింది.

కాలేజీ ఇక్కడికొచ్చిన మూడేళ్లకే సీట్ల తగాదా సుప్రీంకోర్టుకెక్కింది. చంపకం దొరైరాజన్ కేసు అంటే అందరికీ మెడికల్ సీటే గుర్తొస్తుంది. ఆ కేసులో రెండో పిటిషనర్ శ్రీనివాసన్ గిండీ ఇంజనీరింగు సీటు కోసం వచ్చినవాడు. అప్పుడు మద్రాసు ప్రభుత్వ ఇంజనీరింగు కాలేజీలు 4, వాటిలో సీట్లు 395. కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 14 సీట్లలో 2 హరిజనులకు, 2 బ్రాహ్మణులకు. 1951 ఏప్రిల్‌లో కోర్టు ఆ జీవోను కొట్టేసింది. అదే ఏడు మొదటి రాజ్యాంగ సవరణతో 15(4) వచ్చింది. ఇవాళ మన పిల్లలు క్లాసులో కూర్చుంటున్నారంటే ఆ సవరణ పునాది మీదనే.

అంబేద్కర్ ఈ సంగతి ముందే పట్టుకున్నాడు. 1942లో వైస్రాయికిచ్చిన మెమొరాండంలో దళిత విద్యార్థులకు సైన్సు, టెక్నికల్ పైచదువులకు స్కాలర్‌షిప్పులు అడిగాడు. 1944లో పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు మొదలైంది. 1942-46 మధ్య లేబర్ మెంబరుగా సాగునీరు, విద్యుత్తు కూడా చూశాడు. దామోదర్ లోయ పథకం ఆయన హయాంలో రూపు దిద్దుకుంది. మనం ఆయన్ని రాజ్యాంగం దగ్గరే ఆపేస్తున్నాం.

బి.టెక్. చాలదా అని కొందరు అడుగుతారు. అంచనా, టెండరు, కాంట్రాక్టు షరతులు, పని షెడ్యూలు, కూలీల భద్రత, లేబరు చట్టాలు లోతుగా నేర్పేది పీజీలోనే. సైటు మీద డబ్బూ మనుషులూ ఎలా కదలాలో తేల్చేది ఈ చదువు. నిర్మాణ కార్మికుల సంక్షేమానికి ఖర్చులో కనీసం 1 శాతం సెస్సు కట్టాలని 1996 చట్టం చెప్పింది. బెంగళూరు సైట్లలో మట్టి మోసే అనంతపురం కూలీకి అది తెలియదు. తెలిసినవాడు మేనేజరు కుర్చీలో ఉంటే చెప్పొచ్చు, రాయించొచ్చు. అయితే 2020 చివర్లో జీవో 77తో ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేశారు. అప్పు చేసి చదవలేనోడు బి.టెక్. దగ్గరే ఆగాడు, సూపర్‌వైజరుగా చేరాడు.

కుర్చీలో మనోడు కూర్చుంటే అన్నీ మారిపోతాయని మేం అనడం లేదు. కుర్చీ మారినా కొలత మారకపోతే లాభం లేదు. కాబట్టి పీజీలో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. మీ థీసిస్‌కు మీ ఊరి చెరువును తీసుకోండి. తూము దగ్గర పనిచేసిన నీరుగంటి పెద్దల దగ్గర కూర్చుని నీళ్ల లెక్క రాసుకోండి. పాత ఎం.బుక్కులు సమాచార హక్కు కింద అడగండి. ఆడ కూలీ మోసిన మట్టి ఎవరి పేరున ఎక్కిందో చూడండి. సిలబస్‌లో అది లేదంటే, ఎందుకు లేదని డిపార్ట్‌మెంటును అడగండి.