జస్టిస్ కె. రామస్వామి: అనంతగిరి గనుల కేసు నుంచి అసైన్డ్ భూముల దాకా

వికారాబాద్, తాండూరు ప్రాంతాల వాళ్లకు అనంతగిరి అంటే మూసీ పుట్టిన కొండలు. న్యాయశాస్త్ర విద్యార్థులకు మాత్రం అనంతగిరి అంటే విశాఖ ఏజెన్సీలోని మరో మండలం. ఇప్పుడు అది అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. 'సమత' కేసు అక్కడే పుట్టింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ కాటికితల రామస్వామి కృషిని, ఈ అనంతగిరి చుట్టుపక్కల పనిచేస్తున్న కార్యకర్తలకు అందులో ఏది అక్కరకొస్తుందో, ఏది రాదో ఇక్కడ చెప్పదలిచాం.

వృత్తి జీవితం

రామస్వామి 1932 జూలై 13న పుట్టారు. 1962లో న్యాయవాదిగా నమోదయ్యారు. 1982లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1989 అక్టోబరు నుంచి 1997 జూలై 12 వరకు సుప్రీంకోర్టులో పనిచేశారు. ఆ కోర్టు మెట్లెక్కిన కొద్దిమంది దళిత న్యాయమూర్తుల్లో ఆయన ఒకరు. తర్వాత జాతీయ మానవ హక్కుల కమిషన్ సభ్యులుగా ఉన్నారు. 2019 మార్చిలో కన్నుమూశారు. రాష్ట్రపతి పాలన అధికారానికి హద్దులు గీసిన బొమ్మయ్ కేసు (1994) తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనంలో ఆయన కూడా ఉన్నారు.

అంటరానితనం నేరం

కర్ణాటకలో ఒక ఊళ్లో కొత్తగా వేసిన బోరు దగ్గర దళితులను నీళ్లు తోడుకోనివ్వకుండా తుపాకీతో బెదిరించి అడ్డుకున్నారు. నిందితులను హైకోర్టు వదిలేసింది. సుప్రీంకోర్టు 1992 డిసెంబరులో శిక్షను పునరుద్ధరించింది (కర్ణాటక ప్రభుత్వం – అప్పా బాలు ఇంగళే). జస్టిస్ కుల్‌దీప్ సింగ్ తీర్పుతో ఏకీభవిస్తూ రామస్వామి విడిగా సుదీర్ఘమైన అభిప్రాయం రాశారు. అంటరానితనాన్ని బానిసత్వానికి మరో రూపంగా చూశారు. అంబేడ్కర్ ఆలోచనను తీర్పు భాషలోకి తెచ్చిన ఈ రచనను విద్యార్థులు మూలంలోనే చదవాలని మేం కోరుతున్నాం.

సమత తీర్పు (1997 జూలై 11)

బొర్రా ప్రాంతంలో గిరిజనేతర కంపెనీలకిచ్చిన గనుల లీజులను 'సమత' సంస్థ సవాలు చేసింది. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లింది. రామస్వామి పదవీ విరమణకు ఒక రోజు ముందు తీర్పు వెలువడింది. జస్టిస్ సగీర్ అహ్మద్ ఆయనతో ఏకీభవించారు, జస్టిస్ జి.బి. పట్నాయక్ విభేదించారు.

కేసంతా ఒక్క మాట మీద నడిచింది. 1970లో సవరించిన 1/1959 భూ బదలాయింపు నిబంధన ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ 'వ్యక్తీ' గిరిజనేతరులకు భూమి బదలాయించరాదు. ఆ 'వ్యక్తి'లో ప్రభుత్వం కూడా ఉంటుందా? ఉంటుందని మెజారిటీ తీర్పు చెప్పింది. దాంతో సర్కారు భూమి మీద ఇచ్చిన లీజులు సైతం చెల్లకుండా పోయాయి. గిరిజనులు, వాళ్ల సహకార సంఘాలు ఖనిజం తవ్వుకోవచ్చంది. లాభాల్లో కనీసం 20 శాతం స్థానిక అభివృద్ధికి పక్కన పెట్టాలని కూడా చెప్పింది.

2001లో బాల్కో కేసులో సుప్రీంకోర్టే ఈ తీర్పు పట్ల సందేహాలు వ్యక్తం చేసింది. అయినా దాన్ని కొట్టేయలేదు.

ఇక్కడ ఏది వర్తిస్తుంది?

వికారాబాద్ జిల్లా ఐదో షెడ్యూల్ పరిధిలో లేదు. కాబట్టి ఇక్కడి తండాల భూములకు, తాండూరు నాపరాయి గనులకు సమత తీర్పు నేరుగా వర్తించదు. ఇది తెలియకుండా వేసే పిటిషన్ మొదటి వాయిదాలోనే బలహీనపడుతుంది.

అక్కరకొచ్చేవి వేరే ఉన్నాయి. 1995 నాటి చందేవరప్ప కేసులో, ప్రభుత్వం దళితుడికిచ్చిన భూమిని షరతుకు విరుద్ధంగా కొన్న వ్యక్తికి ఎన్నేళ్లు సాగు చేసినా హక్కు రాదని రామస్వామి తేల్చారు. పేదలకు భూమి ఇవ్వడం 46వ అధికరణ కింద రాజ్యం బాధ్యత అన్నారు. మన దగ్గర 9/1977 అసైన్డ్ భూముల చట్టం చేసే పని ఇదే. ప్రభుత్వమే అసైన్డ్ భూమిని వెనక్కి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో చేవెళ్ల డివిజన్ కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. 2024లో లగచర్ల రైతుల ఆందోళన తర్వాత ఫార్మా విలేజ్ నోటిఫికేషన్ రద్దయి, పారిశ్రామిక పార్కు పేరుతో మళ్లీ భూసేకరణ మొదలైంది. అందుకే ఈ రెండు తీర్పులూ చేతిలో ఉండాలి.

బండల గనుల్లో దుమ్ము పీల్చే కూలీలకు 1995 జనవరి ఆస్బెస్టాస్ తీర్పు ముఖ్యం. కార్మికుడి ఆరోగ్యం 21వ అధికరణ కింద ప్రాథమిక హక్కని అందులో రామస్వామి రాశారు. కార్మికుల ఆరోగ్య రికార్డులను ఏళ్ల తరబడి భద్రపరచాలని, జబ్బు నిర్ధారణ అయితే లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించారు.

విమర్శకు నిలబడాల్సినవి

ఆయన తీర్పులన్నీ ఒకే వైపు లేవు. కుల ధ్రువీకరణ పరిశీలన కమిటీలను తెచ్చిన మాధురి పాటిల్ తీర్పు (1994) దొంగ సర్టిఫికెట్లను అడ్డుకోవడానికి వచ్చింది. అదే విధానంలో నిజమైన అభ్యర్థులు కూడా ఏళ్ల తరబడి తిరగాల్సి వస్తోంది. కులాంతర వివాహంతో రిజర్వేషన్ రాదన్న వల్సమ్మ పాల్ తీర్పు (1996), పెళ్లితో స్త్రీ కులం మారుతుందా అన్న చర్చను ముగించలేదు. వీటిని కూడా కలిపి చదివితేనే ఆయన కృషి మీద సరైన అంచనా వస్తుంది.