రామప్పపంతులునుండి శంకరశాస్త్రివఱకు: జె. వి. సోమయాజులుగారి నటజీవితము

తెలుగునటుల చరిత్రను వ్రాయువారు జె. వి. సోమయాజులుగారి ప్రసక్తి రాగానే 1980లో విడుదలయైన 'శంకరాభరణము'తో ఆరంభించి, దానితోనే ముగించుట పరిపాటియైనది. ఇది న్యాయము కాదని మా అభిప్రాయము. శంకరశాస్త్రి పాత్రను ధరించునాటికి ఆయన రెవెన్యూశాఖలో డిప్యూటీ కలెక్టరు, నడివయస్సు దాటినవారు, రంగస్థలమున చిరకాలానుభవము గడించినవారు. ఆ పూర్వచరిత్రను విడిచిన, ఉత్తరచరిత్ర బోధపడదు.

గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' 1892లో విజయనగరమున తొలుత ప్రదర్శితమై, 1897లో అచ్చైనది. నేడు మనము పఠించుచున్న రూపము 1909 నాటిది. ఈ నాటకప్రదర్శనములలో సోమయాజులుగారు రామప్పపంతులుగాను, వారి సోదరులు రమణమూర్తిగారు గిరీశముగాను ప్రసిద్ధి గాంచిరి. రామప్పపంతులు వ్యాజ్యములపై బ్రదుకువాడు. పెండ్లి బేరములు కుదుర్చువాడు. మధురవాణిని ఉంచుకొని, ఆమె చేతనే భంగపడువాడు. పరువు జాఱినకొలది దర్పము హెచ్చించుకొను ఈ పాత్రకు మాటయే ప్రాణము. ఏ మాట ఎచట విఱువవలెనో, ఎచట మౌనము వహింపవలెనో ఎఱుగని నటునికి ఇది లొంగదు.

ఇక శంకరశాస్త్రిని పరికింతము. ఈతడును బ్రాహ్మణుడే, పెద్దమనిషియే. ఈతని కథయందును వేశ్యాకులమున జనించిన స్త్రీ కలదు. కాని మధురవాణి పంతులు కపటమును బయటపెట్టగా, తులసి శాస్త్రి విద్యకు భక్తురాలగును. చివరకు ఆమె కుమారుడే ఆ విద్యకు వారసుడగును. ఒకచో పెద్దఱికము వేషము. వేఱొకచో అది తపస్సు. ఈ రెండింటిని ఒకే నటుడు పోషించుట విశేషము. పెద్దఱికపు బూటకమును ఏండ్లతరబడి అభినయించినవాడు కనుకనే, బూటకములేని పెద్దఱికమునకు ఏ హంగులు అక్కఱలేదో ఆయనకు తెలిసినదని మేము తలంచుచున్నాము. శాస్త్రి పాత్రలోని మితభాషణము, నిలుకడైన చూపు ఈ తెలివిడి ఫలములే.

ఆ చిత్రవిజయము సంగీతమునకే చెందవలెనను వాదము కలదు. కె. వి. మహదేవన్‌గారి స్వరరచనకును, ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారి గానమునకును జాతీయపురస్కారములు లభించినమాట నిజము. అయినను అన్యుని గాత్రమును తన ఊపిరిగా చూపుట నటుని పనియే. తాళము పట్టిన చేయి, ఆలాపనలో మూతపడు కన్ను ఆ గాత్రమునకు శరీరమును కల్పించినవి.

అనంతరము బాపుగారి 'వంశవృక్షము' (1980), 'త్యాగయ్య' (1981), విశ్వనాథ్‌గారి 'సప్తపది' (1981) మొదలగు చిత్రములలోను, టెలివిజనులోను ఆయన నటించిరి. వీనిలో 'సప్తపది' ముఖ్యము. ఆచారమును నమ్మిన వృద్ధుడు, ఆ ఆచారమే మనుమరాలి బ్రదుకునకు బంధనమైనదని గ్రహించి, తన తీర్పును తానే మార్చుకొనుట అందలి ఘట్టము. కాని శంకరశాస్త్రి కీర్తి నటునికి మేలుతోపాటు కీడును చేసినది. పూజ్యవృద్ధుని వేషములే ఆయనను వెదకికొని వచ్చినవి. రామప్పపంతులులోని వక్రహాస్యమును చలనచిత్రసీమ తగినంతగా వినియోగించుకొనలేదు.

సోమయాజులుగారు 2004లో దివంగతులైరి. 1955 నాటి 'కన్యాశుల్కము' చిత్రమున సి. ఎస్. ఆర్. ఆంజనేయులుగారి రామప్పపంతులును నేటికిని చూడగలము. సోమయాజులుగారి రంగస్థలాభినయము ప్రేక్షకుల జ్ఞాపకములందే ప్రధానముగా నిలిచియున్నది. ఆ ప్రేక్షకులు నానాటికి తఱుగుచున్నారు. నాటకసాహిత్యమున పరిశోధన సాగించు విద్యార్థులు గ్రంథపాఠములతో తృప్తిపడక, వారిని కలిసి వారి మాటలను వ్రాసికొనవలసియున్నది. ఆ పని ఆలస్యమైనచో, మనకు మిగులునది సగము నటుడే.